వ్యాను టాపెక్కిన సోలార్ పలక

క్యాంపర్ వ్యాను టాపు మీద బిగించే సోలార్ ప్యానెల్ వ్యాను కోసం పుట్టింది కాదు. దాని వోల్టేజీ కారు ఇంజన్ స్టార్టర్ పెట్టిన లెక్క. దాని గాజు, గాజు కింది పొర అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో నలిగి వచ్చాయి. టాపుకు అంటించే బంకను బస్సుల షెడ్ల నుంచి తెచ్చుకున్నారు. ఇవాళ దాని కింద ఉండే లిథియం బ్యాటరీ చైనా కరెంటు బస్సుల పుణ్యమా అని చవకైంది. ఇంట్లో చిన్నవాడికి అన్నల చొక్కాలు దిగినట్టు, ఏడు దశాబ్దాలుగా ఇతరులకు తయారైన వస్తువులే ఒక్కొక్కటిగా వ్యాను టాపు మీదికి చేరాయి. ఆ చొక్కాలు ఎక్కడ పట్టాయి, ఎక్కడ బిగుతయ్యాయి అన్నదే ఈ పలక చరిత్ర.

వ్యానులో కాపురం సోలార్ కంటే పాతది. జర్మనీలోని వీడెన్‌బ్రూక్‌లో వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాను లోపల అమర్చడానికి మంచం, అల్మారా, బల్ల కలిసిన సామాను పెట్టె తయారు చేసింది. ఇంగ్లండులోని ఫోక్‌స్టోన్ ఊళ్లో డార్మొబైల్ వాళ్లు పక్కకు లేచే గుడ్డ టాపు పెట్టి, వ్యానులో మనిషి నిలబడే వీలు కల్పించారు. ఆ రోజుల్లో ఈ బళ్లలో కరెంటుతో పనే తక్కువ. పొయ్యి గ్యాస్‌తో వెలిగేది. ఫ్రిజ్ కూడా గ్యాస్ మంట మీదే చల్లబడేది. స్వీడన్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో కనిపెట్టిన పద్ధతి అది. బల్బులు ఒకటో రెండో ఉండేవి, వాటికి బండి బ్యాటరీ సరిపోయేది. ఆ బ్యాటరీ ఎన్ని వోల్టులది అన్నది మాత్రం తరవాతి కథకు ముఖ్యం. 1950ల నడుమ అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. ఒత్తిడి ఎక్కువున్న కొత్త వీ-8 ఇంజన్లను తిప్పడానికి పాత స్టార్టర్ బలం చాలకపోవడమే అందుకు పెద్ద కారణం. ఫోక్స్‌వ్యాగన్ వ్యాను 1967 మోడల్‌తో ఆ దారి పట్టింది.

అమెరికాలో బళ్లు పెద్దవి, అవసరాలూ పెద్దవి. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ నుంచి విన్నెబాగో కంపెనీ 1966లో మోటార్ హోమ్‌లు దించడం మొదలుపెట్టాక టీవీ, ఏసీ, మిక్సీ అన్నీ బండెక్కాయి. వీటికి రెండే ఆధారాలు: క్యాంపు స్థలంలో స్తంభానికి తగిలించే వైరు, లేదా బండి పొట్టలో దడదడలాడే జనరేటరు. ఊరికి దూరంగా, అద్దె కట్టకుండా, వైరు లేకుండా ఆగాలంటే జనరేటరు మోత భరించాల్సిందే. ఆ మోత పక్క బండి వాళ్లకూ తప్పేది కాదు. సోలార్ చివరికి వ్యాను టాపెక్కడానికి పర్యావరణ ప్రేమ కంటే ఈ మోత మీద విసుగే పెద్ద కారణం.

సిలికాన్ సోలార్ సెల్ 1954 ఏప్రిల్ 25న లోకానికి కనిపించింది. న్యూజెర్సీలోని బెల్ లాబ్స్‌లో డారిల్ చేపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ తయారు చేసిన ఆ సెల్ తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. విలేకరుల ముందు దానితో ఒక బొమ్మ రంగులరాట్నాన్ని తిప్పి చూపించారు. మరుసటి ఏడాది జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే ఊరి దగ్గర పల్లె టెలిఫోన్ లైనుకు స్తంభం మీద ఒక సోలార్ పలక బిగించారు. సాంకేతికంగా అది పనిచేసింది, ఖర్చు దగ్గర ఓడిపోయింది. 1958 మార్చిలో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సోలార్ సెల్స్‌తో ఆకాశానికెక్కాక పదిహేనేళ్ల పాటు ఈ వస్తువు దాదాపుగా అంతరిక్షం సొత్తు. బరువు తగ్గితే చాలు, ధర ఎంతైనా పెట్టే కొనుగోలుదారు అక్కడ ఉన్నాడు మరి.

బండి టాపు మీద సోలార్ పెట్టాలన్న సరదా మాత్రం ఆ మొదటి రోజుల్లోనే పుట్టింది. 1955లో షికాగోలో జనరల్ మోటార్స్ ఇంజనీరు విలియం కాబ్ 15 అంగుళాల బొమ్మ కారును సెలీనియం సెల్స్‌తో నడిపించాడు. 1960లో ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ కంపెనీ 1912 నాటి ఒక పాత బేకర్ ఎలక్ట్రిక్ కారు నెత్తిన పది వేలకు పైగా చిన్న చిన్న సెల్స్ పరిచి ఊరేగించింది. బండిని నడపడానికి టాపు మీద పడే ఎండ చాలదని ఆ ఊరేగింపే తేల్చేసింది. నడపడానికి చాలని ఎండ, నిలబడ్డ బండిలో దీపం వెలిగించడానికి పుష్కలంగా సరిపోతుందన్న ఆలోచన రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

ధర మొదటిసారి నేలకు దిగింది 1973 ప్రాంతంలో. ఎక్సాన్ పెట్టుబడితో సోలార్ పవర్ కార్పొరేషన్ నడిపిన ఎలియట్ బెర్మన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు లోపాలున్నాయని పక్కన పడేసిన సిలికాన్ బిళ్లలను కొని వాటితో ప్యానెల్స్ చేశాడు. వాటు 100 డాలర్లున్న ధర 20 డాలర్లకు దిగింది. కొన్నది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని చమురు వేదికల వాళ్లు. ఆ వేదికల మీద హెచ్చరిక దీపాలు, మంచులో మోగే హారన్లు ఉండేవి. వాటి బ్యాటరీలు అయిపోతే పడవలో మనిషిని పంపి మార్చాలి. ఆ ఖర్చు ముందు 20 డాలర్లు లెక్కే కాదు. చమురు కంపెనీల డబ్బుతో, చమురు బావుల మీద సోలార్ బతికి బట్టకట్టిందన్నది చరిత్రలో ఒక వింత.

ప్యానెల్‌కు ఇప్పుడున్న రూపం వచ్చింది ఇలాంటి బ్యాటరీ పనుల్లోనే. ఒక సిలికాన్ సెల్ ఎంత పెద్దదైనా అర వోల్టు దగ్గరే ఆగుతుంది. సైజు పెరిగితే పెరిగేది ఆంపియర్లే. 12 వోల్టుల సీసం బ్యాటరీ నిండాలంటే దాని మీద 14 వోల్టులకు పైగా ఒత్తిడి ఉండాలి. పైగా సెల్ వేడెక్కే కొద్దీ వోల్టేజీ జారిపోతుంది, ఒక్కో డిగ్రీకి రెండు మిల్లీవోల్టులకు కాస్త ఎక్కువగా. ఎండలో పలక 60 డిగ్రీలకు చేరడం మామూలే. ఈ నష్టాలన్నీ తీసేసినా 14 మిగలాలంటే చల్లని గదిలో 17 పైచిలుకు చూపించాలి. అలా లెక్క కడితే ఒకదానికొకటి గొలుసులా తగిలించిన 36 సెల్స్ కావాలి. నాలుగు వరసలు, వరసకు తొమ్మిది. మన ఊళ్లలో పాతతరం సోలార్ వీధిదీపాల మీద ఉన్న పలకను లెక్కపెట్టినా ఇవే 36 గళ్లు కనిపిస్తాయి, అక్కడా కింద ఉన్నది 12 వోల్టుల బ్యాటరీయే కాబట్టి.

ఎండావానలకు తట్టుకునే ఒళ్లు ఈ పలకకు కాలిఫోర్నియాలో వచ్చింది. ఉపగ్రహాల సోలార్ పనిలోంచి బయటికొచ్చిన బిల్ యెర్క్స్ 1975లో సొంత కంపెనీ పెట్టి, సెల్స్‌కు పైన గట్టి గాజు, కారు అద్దంలో వాడే తరహా పొర వాడాడు. రెండేళ్లకు ఆ కంపెనీని ఆర్కో అనే చమురు సంస్థ కొని ఆర్కో సోలార్ అని పేరు మార్చింది. అదే కాలంలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ప్రభుత్వం తరఫున రకరకాల కంపెనీల ప్యానెల్స్ కొని వాటిని వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేసింది, మంచుగడ్డలతో కొట్టించింది, తేమలో నానబెట్టింది. పాడైనవాటిని చూసి కంపెనీలు మార్పులు చేసుకున్నాయి. ఈవీఏ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర స్థిరపడింది అక్కడే. గతుకుల దారిలో ఊగుతూ, చెట్టుకొమ్మలు రాసుకుంటూ వెళ్లే వ్యాను టాపు గురించి ఆ పరీక్షల్లో ఎవరూ తలచుకోలేదు. అయినా ఆ దెబ్బలన్నీ తిని గట్టిపడ్డ పలక వ్యానుకూ పనికొచ్చింది.

బండికీ సోలార్‌కూ మధ్య వంతెన వేసింది బండి వాళ్లు కాదు, ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో కరెంటు లైను లేని చోట కాపురం పెట్టిన హిప్పీ తరం. వాళ్లు కారు బ్యాటరీని ఇంట్లోకి తెచ్చుకుని, కారు బల్బులు, కారు స్టీరియోలతో ఇల్లు నడిపేవారు. బ్యాటరీ దిగిపోతే బండికి తగిలించి ఊళ్లోకి ఒక చుట్టు వేసి నింపుకొచ్చేవారు. ఒక రకంగా ఇంటినే బండిగా మార్చేశారు. వీళ్ల కోసం జాన్ షేఫర్ 1978లో విల్లిట్స్ ఊళ్లో రియల్ గూడ్స్ అనే దుకాణం తెరిచి సోలార్ ప్యానెల్స్‌ను చిల్లరగా అమ్మాడు. కొన్నవాళ్లలో చాటుగా గంజాయి పండించేవాళ్లు చాలామంది. నగదు చేతిలో ఉండి, లైను వేసేవాడు తమ గుమ్మం తొక్కకూడదని కోరుకునే వాళ్లు వాళ్లే కదా. గౌరవనీయమైన పరిశ్రమలు తమ మొదటి ఖాతాదారుల గురించి సాధారణంగా మాట్లాడవు. సోలార్ చిల్లర వ్యాపారం మాత్రం ఈ సంగతిని దాచుకోలేదు.

వ్యానుల వైపు కథ మలుపు తిరిగింది ఎడారిలో. అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నదికి కాస్త తూర్పున క్వార్ట్‌జైట్ అనే చిన్న ఊరుంది. చలికాలంలో ఉత్తరాది నుంచి, కెనడా నుంచి రిటైరైన వాళ్లు బళ్లతో ఇక్కడికి దిగుతారు. చుట్టూ ఉన్న ఎడారి కేంద్ర ప్రభుత్వ భూమి. అలాంటి భూముల్లో మామూలుగా 14 రోజులకు మించి ఒకచోట ఉండనివ్వరు. జనం ఎక్కువై, ఎక్కడపడితే అక్కడ ఆగుతుండడంతో భూ నిర్వహణ శాఖ 1983లో దీర్ఘకాల విడిది ప్రాంతాలను ఏర్పాటు చేసింది. కొద్ది రుసుము కట్టి సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలు అక్కడే ఉండొచ్చు. కరెంటు స్తంభం లేదు, అద్దె లేదు, మబ్బూ దాదాపుగా లేదు. సోలార్‌కు ఇంతకంటే మంచి బడి దొరకదు. ఒక బండి వాడు పలక పెడితే పక్కవాడు నిచ్చెనెక్కి చూసేవాడు, మూడోవాడు ధర అడిగేవాడు. రాత్రి జనరేటరు ఆపేయాల్సిన వేళ దాటాక కూడా దీపం వెలుగుతున్న బండే అన్నిటికంటే మంచి ప్రకటన.

1987కు వచ్చేసరికి ఇదొక చేతిపని అయ్యింది. ఆ ఏడాదే నోయెల్, బార్బరా కర్క్‌బీ దంపతులు మోటార్ హోమ్ వాళ్ల కోసం సోలార్‌తో బ్యాటరీ నింపుకోవడం మీద పుస్తకం అచ్చు వేశారు. ఆ ఏడాదే ఒరెగాన్ సరిహద్దు కొండల నుంచి రిచర్డ్ పెరెజ్, కారెన్ పెరెజ్ దంపతులు ‘హోమ్ పవర్’ పత్రిక మొదలుపెట్టారు. 2018 దాకా నడిచిన ఆ పత్రిక, వైరు ఎంత లావుండాలో, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోయాలో చేయి పట్టి నేర్పింది. అప్పటి లెక్కలు ఇవాళ చూస్తే ముచ్చటగా ఉంటాయి. ఆర్కో వాళ్ల ఎం-55 పలక 53 వాట్లది, 1.3 మీటర్ల పొడవు, మూడోవంతు మీటరు వెడల్పు, ఆరు కిలోల లోపు బరువు. అలాంటివి రెండు టాపు మీద పరిస్తే చలికాలపు ఎండకు రోజుకు సుమారు 300 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలోకి 25 ఆంపియర్-అవర్లు. రెండు మూడు దీపాలు, నీళ్ల పంపు, రేడియో, సాయంత్రం రెండు గంటలు చిన్న టీవీ. ఫ్రిజ్ ఇంకా గ్యాస్ మీదే.

పలకల ఎంపికలో మొదటి పెద్ద తప్పు కూడా అప్పుడే జరిగింది. పలక నేరుగా బ్యాటరీకి తగిలిస్తే నిండాక కూడా కరెంటు తోస్తూనే ఉంటుంది, బ్యాటరీ మరిగి ఎండిపోతుంది. దాన్ని ఆపే రెగ్యులేటరు ఖర్చు తప్పించడానికి కంపెనీలు 30 సెల్స్‌తో ఒక రకం దించాయి. ఎం-65 అలాంటిదే. వోల్టేజీ కావాలనే తగ్గించారు కాబట్టి బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తనంతట తానే సన్నగిల్లుతుంది. కాగితం మీద ఉపాయం చక్కగానే ఉంది. కానీ 25 డిగ్రీల్లో 14.6 వోల్టులిచ్చే ఆ పలక ఎడారి ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కగానే పన్నెండుంపావుకు జారిపోయేది. ఎండ దంచికొడుతున్నా బ్యాటరీ నిండేది కాదు. ఎండ ఎక్కువున్న చోట పనికిరాని సోలార్ పలకగా అది పేరు తెచ్చుకుంది. ఆరు సెల్స్ పొదుపు చేయబోయి కొనుగోలుదారులు పోగొట్టుకున్నదే ఎక్కువ.

1990లలో వ్యానులకు ఇంకో పాత చొక్కా దొరికింది. కాలిఫోర్నియాలోని కరీజో మైదానంలో ఆర్కో సోలార్ 1983లో కట్టడం మొదలుపెట్టిన 5.2 మెగావాట్ల కేంద్రం అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. ఎండను రెట్టింపు చేద్దామని పలకల పక్కన అద్దాలు నిలబెట్టారు. ఆ వేడికి లోపలి ఈవీఏ పొర టీ డికాషన్ రంగుకు మారింది, ఉత్పత్తి పడిపోయింది. చమురు ధర కూడా పడిపోవడంతో కేంద్రాన్ని అమ్మేశారు, కొన్నవాళ్లు దాన్ని విప్పి పలకలను పాత సరుకుగా చవకగా అమ్మారు. గోధుమ రంగు మచ్చలతో ఆ పలకలు కొండ ఇళ్ల మీదికి, బళ్ల టాపుల మీదికి చేరాయి. శక్తి కొంత తగ్గినా పనిచేస్తూనే ఉన్నాయి. ప్యానెల్ అంత తేలిగ్గా చావదన్న నమ్మకం జనంలో కలగడానికి ఈ వాడేసిన సరుకే కారణమంటే అతిశయోక్తి కాదు.

పలక కొనడం ఒక ఎత్తు, బిగించడం ఇంకో ఎత్తు. అమెరికా మోటార్ హోమ్ టాపు చూడటానికి గట్టిగా ఉన్నా అడుగున పలచని ప్లైవుడ్, దాని మీద ఈపీడీఎం రబ్బరు షీటు. తొలిరోజుల పద్ధతి సూటిగా ఉండేది: ఇంగ్లీషు జెడ్ అక్షరంలా వంచిన నాలుగు అల్యూమినియం ముక్కలు, వాటి కింద బ్యూటైల్ పట్టీ, పైనుంచి ప్లైవుడ్‌లోకి స్క్రూలు, స్క్రూ తలల మీద ధారాళంగా సీలెంట్. ప్రతి స్క్రూ ఒక బెజ్జం, ప్రతి బెజ్జం రాబోయే వానకు ఆహ్వానం. సీలెంట్ ఎండకు పగిలిన సంగతి కింద సీలింగు మీద పసుపు మరక వచ్చేదాకా తెలియదు, అప్పటికి లోపల ప్లైవుడ్ మెత్తబడి ఉంటుంది. ఏటా ఒకసారి టాపెక్కి వేలితో నొక్కి చూసుకోవడం అందుకే అలవాటైంది.

గాలి సంగతి ఇంకా గట్టిది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తోపు చదరపు మీటరుకు 48 కిలోల దాకా ఉంటుంది. పడుకున్న పలక మీద అదంతా నేరుగా పడదు. కానీ ముందంచు కిందికి దూరిన గాలి పలకను గాలిపటంలా పైకి లేపజూస్తుంది. ఎదురుగా లారీ దూసుకుపోయిన క్షణంలో ఆ లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. పలక కింద సందు లేకుండా చేస్తే ఈ బాధ తగ్గుతుంది, కానీ అప్పుడు గాలి ఆడక పలక ఉడికిపోతుంది. రెండు వేళ్ల సందు ఉంచి, ముందంచుకు చిన్న గాలిమళ్లింపు పెట్టడం దగ్గర అనుభవజ్ఞులు రాజీపడ్డారు.

ఇక పలకను వాల్చే సంగతి. క్వార్ట్‌జైట్‌లో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. బల్లపరుపుగా పడుకున్న పలకకు అందేది ఎదురుగా నిలబెట్టిన పలకకు అందే ఎండలో 54 శాతమే. అందుకే పలకను దక్షిణానికి ఎత్తి నిలబెట్టే కాళ్లు వచ్చాయి. వాటితోపాటు బయల్దేరే ముందు వాటిని దించడం మరిచిపోయే జబ్బూ వచ్చింది. స్టీరింగుకు ఎర్ర రిబ్బను కట్టుకోవడం దానికి మందు. పలకల ధర తగ్గాక ఇదంతా ఎందుకని చాలామంది కాళ్లు మానేసి, ఇంకో పలక కొనేశారు.

టాపు మీద చోటు కోసం ఎప్పుడూ పోటీయే. ఏసీ డబ్బా, గాలి పంకా, టీవీ యాంటెన్నా, వీటి నడుమ పలక. సెల్స్ అన్నీ ఒకే గొలుసులో ఉండడం వల్ల ఒక్క సెల్ మీద నీడ పడినా మొత్తం గొలుసులో కరెంటు సన్నబడుతుంది, సన్న కాలవలో ఒకచోట మట్టి జారి అడ్డం పడినట్టు. 36 సెల్స్ పలక వెనక డబ్బాలో రెండు బైపాస్ డయోడ్లు పెట్టేది అందుకే. ఒక సగం నీడలో పడినా రెండో సగం నడుస్తుంది. అయితే ఆ సగం ఇచ్చే వోల్టులు 12 వోల్టుల బ్యాటరీని నింపడానికి చాలవు. మొత్తం మీద యాంటెన్నా కడ్డీ నీడ కూడా చెప్పుకోదగ్గ నష్టం చేయగలదు. చేయి తిరిగిన పనివాడు స్క్రూ పట్టుకునే ముందు టాపు మీద ఉదయం, సాయంత్రం నీడలు ఎటు సాగుతాయో సుద్దముక్కతో గీసుకుంటాడు.

ఐరోపాలో కథ వేరుగా నడిచింది. బెర్లిన్‌లో డిసెంబరు చివర మధ్యాహ్నపు సూర్యుడు 14 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగుతాడు, పడుకున్న పలకకు అందేది పావు వంతు. పైగా అక్కడి బళ్లు చిన్నవి. వెస్ట్‌ఫాలియా వ్యానుల్లో పైకి లేచే టాపును అదనపు బరువు వేసి లేపడం కష్టం. అందుకని ముందు భాగంలోని సామాను తొట్టిలో ఒక చిన్న పలకతో సరిపెట్టుకునేవారు. పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యానులకు టాపు అంచున వాన నీళ్లు కారే గాడి ఉండేది. దాన్ని పట్టుకుని అడ్డకడ్డీలు బిగిస్తే ఒక్క బెజ్జం లేకుండా పని అయిపోయేది. తరవాతి ఇనుప వ్యానులకు ఆ గాడి పోయింది. అప్పుడు జర్మన్లు బంకను నమ్ముకున్నారు. స్విట్జర్లాండుకు చెందిన సికా కంపెనీ బస్సుల, రైళ్ల ఒంటి భాగాలను అతికించడానికి తయారు చేసిన పాలీయురిథేన్ బంక సికాఫ్లెక్స్-252. పలక మూలలకు ప్లాస్టిక్ ఆసరాలు తొడిగి, ఆ బంకతో టాపుకు అంటించడం అక్కడ మామూలు పద్ధతైంది. ఎండిన బంక రబ్బరులా సాగుతుంది కాబట్టి టాపు అదురును మింగేస్తుంది. బెజ్జాలు లేవు, చెమ్మ లేదు. అమెరికా రబ్బరు టాపుల మీద మాత్రం ఇది కుదరలేదు. బంక షీటును గట్టిగానే పట్టుకుంటుంది, షీటు ప్లైవుడ్‌ను పట్టుకుంటుందన్న భరోసా ఏదీ?

పలకకూ బ్యాటరీకీ మధ్య ఉండే రెగ్యులేటరులో, అంటే కంట్రోలరులో, వచ్చిన మార్పు పలకల ఎంపికనే తిరగరాసింది. పాత కంట్రోలరు ఒక స్విచ్చు లాంటిది. 17 వోల్టుల పలకను 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ఆ తేడా అంతా వృథా. 1990ల చివర నుంచి ఎంపీపీటీ అనే కొత్త రకం బళ్లలోకి వచ్చింది. ఎక్కువ వోల్టేజీని తీసుకుని, దాన్ని తగ్గించి, ఆ మేరకు ఆంపియర్లు పెంచి బ్యాటరీకి ఇస్తుంది. వ్యాను వాళ్లకు దీనివల్ల అసలు లాభం కొంత కాలానికి తెలిసింది. 36 సెల్స్ గొడవ తీరిపోయింది. జర్మనీ 2000లో తెచ్చిన చట్టంతో ఇళ్ల టాపుల మీదికి లక్షల్లో ఎక్కుతున్న 60 సెల్స్, 30 వోల్టుల పెద్ద పలకను కూడా వ్యాను మీద వేసుకోవచ్చు. గిరాకీ ఎక్కువ కాబట్టి అదే వాటుకు చవక. ఒకటిన్నర మీటర్లు దాటిన పొడవు, ఇరవై కిలోల దగ్గర బరువు. స్ప్రింటర్ లాంటి పెద్ద వ్యాను టాపు మీదే అది ఒదుగుతుంది. మళ్లీ ఇంకొకరి చొక్కాయే, ఈసారి కాస్త వదులు.

వంగే పలకల ముచ్చట త్వరగా చెప్పుకోవాల్సిందే. స్టాన్‌ఫర్డ్ ఒవ్‌షిన్‌స్కీ స్థాపించిన కంపెనీ సన్నని స్టీలు రేకు మీద సిలికాన్ పూత పూసి చాపలా చుట్టగలిగే పలకలు చేసింది. నీడకు తట్టుకునేవి, తొక్కినా పగిలేవి కావు, కానీ ఒకే శక్తికి రెట్టింపు చోటు తినేవి. 2012లో ఆ కంపెనీ దివాలా తీసింది. తరవాత గాజు తీసేసి ప్లాస్టిక్ పొరల మధ్య మామూలు సెల్స్ పెట్టిన వంగే పలకలు వచ్చాయి. రెండు మూడు కిలోల బరువు, అంటిస్తే చాలు, కింది నుంచి చూస్తే కనిపించవు. జనం ఎగబడ్డారు. నల్లటి పలకను నేరుగా ఇనుప టాపుకు అంటించడంతో వేడి పోయే దారి లేక చాలా పలకలు రెండు మూడేళ్లకే పొరలు లేచి, మచ్చలు పడి చతికిలబడ్డాయి. గాజు పలక పాతికేళ్లు నిలుస్తున్న చోట ఇది చిన్న ఆయుష్షే. లేచే టాపు మీద తప్ప వీటికి పెద్దగా పని లేదు.

2008కి వాటు 4 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ప్యానెల్ ధర 2012కల్లా డాలరు లోపుకు పడింది. చైనా కర్మాగారాలు, సిలికాన్ ధర పతనం రెండూ కలిసొచ్చాయి. అదే సమయంలో అమెరికాలో ఇళ్ల అప్పుల సంక్షోభం చాలామందిని ఇళ్ల నుంచి బయటికి నెట్టింది. వ్యానులో బతకడం కొందరికి విహారం కాదు, గత్యంతరం లేక చేసిన పని. క్వార్ట్‌జైట్ దగ్గర బాబ్ వెల్స్ నిర్వహించిన సంచారుల సమావేశంలో తక్కువ ఖర్చుతో వ్యానులో బతికే మెళకువలు నేర్పేవారు. జెసికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌లాండ్’ పుస్తకం వీళ్ల గురించే. 2011లో ఫోస్టర్ హంటింగ్టన్ అనే యువకుడు ‘వ్యాన్‌లైఫ్’ అన్న మాటతో ఫోటోలు పెట్టి ఇంకో రకం జనాన్ని ఈ బాట పట్టించాడు. ఒకరికి చవక గూడు, ఒకరికి అందమైన ఫోటో. ఇద్దరి టాపు మీదా ఉన్నది మాత్రం అదే 100 వాట్ల పలక. మీటరు పొడవు, అర మీటరు పైన వెడల్పు, ఏడెనిమిది కిలోలు. ఒక్క మనిషి నిచ్చెన మీద నుంచి ఎత్తి పెట్టుకోగల సైజు. ఎల్ఈడీ దీపాలు వచ్చి వెలుతురు ఖర్చు పదోవంతుకు పడిపోయాక, మిగిలిన శక్తి గ్యాస్ ఫ్రిజ్‌ను తోసేసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌ను తెచ్చింది. ఒకప్పుడు 100 వాట్లతో తృప్తిపడిన టాపు మీద ఇప్పుడు 400 వాట్లు మామూలు.

చివరిగా చేరింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. దాని రసాయనం టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ దగ్గర తేలింది. 1997 నాటి ఆ పరిశోధన పత్రం మీద గుడెనఫ్‌తో పాటు అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయుల పేర్లూ ఉన్నాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే పాడవుతుంది. ఇది దాదాపు మొత్తం ఇస్తుంది, బరువు సగం కూడా ఉండదు. గడ్డకట్టే చలిలో నింపకూడదన్న ఒక్క పథ్యం మాత్రం పాటించాలి. దీని ఒక సెల్ వోల్టేజీ 3.2. అలాంటివి ఎన్ని కలిపి ఎంత వోల్టేజీ బ్యాటరీ అయినా చేయొచ్చు. వ్యాను కోసం చేసేవాళ్లు మాత్రం నాలుగే కలుపుతారు. 12.8 వస్తుంది, అంటే పాత 12. వ్యానులోని దీపాలు, పంపు, పంకా, ఫ్రిజ్ అన్నీ ఆ లెక్కకే తయారై ఉన్నాయి కాబట్టి. 1950లలో ఒక వీ-8 ఇంజన్‌ను తిప్పడానికి ఎంచుకున్న అంకె అది. దుకాణంలో 12 వోల్టుల పలక అని చీటీ అంటించి అమ్మేవాటిని లెక్కపెడితే ఇవాళ్టికీ చాలావాటిలో 36 గళ్లే ఉంటాయి.